బొడ్డుపేగు నెత్తురు

మా అత్త తిప్పమ్మ చేతుల మీద పుట్టినవాళ్ళు మా ఊళ్ళో ఏ వీధికి పోయినా కనబడతారు. పంచాయతీ మెంబరు దగ్గర్నుంచి పాల డిపో కాటప్ప దాకా ఎవరైనా ఆమె ముందు గొంతు పెంచితే, "నీ బొడ్డు కోసింది నేను, నా ముందర ఏందప్పా నీ దర్జా" అని నవ్వేది. ఆ మాటతో ఎంతటివాడైనా నవ్వేసి తన దారి పట్టేవాడు.

నేను మడకశిర దగ్గరి పల్లె నుంచి ఈ ఇంటికి పెద్దకోడలిగా వచ్చేసరికే ఆమె పని తగ్గుముఖం పట్టింది. కాన్పులన్నీ పావగడ ఆసుపత్రికి మారాయి. ఆ తర్వాత పొలాలు సోలార్ పార్కు కిందికి పోయాయి. వేరుశనగ పీకే పనీ లేదు, ఒలిచే పనీ లేదు. మేము ఇప్పుడు ఆ సోలార్ పలకల కింద గడ్డి కోసే కూలికి పోతున్నాం. మా పొలంలోకి మేమే గేటు దగ్గర కార్డు చూపించి పోవాలి. అత్తకు ఆ పని కూడా దొరకలేదు. ఆమె చేతులు మాత్రం ఊరికే ఉండలేవు. పొద్దంతా రాగిపిండో, ఎవరి తలో, మనవరాలి కాళ్ళో, ఏదో ఒకటి పిసుకుతూ ఉండేది.

ఆ మనవరాలే ధనుశ్రీ. నా మరిది సుదీప్ కూతురు. ఒకటో తరగతిలో ఉండగా దానికి రక్తపు క్యాన్సర్ అని తేలింది. బెంగళూరులో మందులు ఎక్కించారు, జుట్టు ఊడింది, మళ్ళీ వచ్చింది. బడికి కూడా పోయింది. ఇంక గండం గడిచిందని మేము అనుకుంటుండగా జబ్బు తిరగబెట్టింది. అప్పటికి దాని తల్లి వినుత రెండోసారి కడుపుతో ఉంది.

నేను పదో తరగతి దాకా చదివాను కాబట్టి ఆసుపత్రికి నన్నే వెంట తీసుకుపోయేవారు. చదువు సంగతి ఏమో గానీ, నాకు నోరుంది. అర్థం కాకపోతే అర్థం కాలేదని అడుగుతాను, మళ్ళీ అడుగుతాను. సుదీప్ డాక్టరు ఏం చెప్పినా తలూపి వచ్చేస్తాడు. వినుత డాక్టరు మొహం చూస్తుందే గానీ మాట వినదు.

జబ్బు తిరగబెట్టాక బెంగళూరు డాక్టరమ్మ చెప్పింది నేను ఇంటికొచ్చి అత్తకు మా చేను భాషలో చెప్పాను. ధను ఎముకల లోపల నెత్తురు తయారయ్యే చోటు చెడిపోయింది. మందు కొట్టి కలుపు చంపుతున్నారు. మళ్ళీ మళ్ళీ మొలుస్తూంది. పూర్తిగా దున్నేసి కొత్త విత్తనం వేస్తే తప్ప లాభం లేదు. ఆ విత్తనం వేరేవాళ్ళ ఒంట్లోది కావాలి, ధను ఒంటికి కలవాలి. తల్లిదండ్రులది సగమే కలుస్తుంది, అది చివరి దారిగా పెట్టుకుందామన్నారు. తోబుట్టువుదైతే నాలుగింట ఒక వంతు పూర్తిగా కలవొచ్చు. వినుత కడుపులో ఉన్న బిడ్డ పుట్టగానే బొడ్డుపేగులోనూ, కాన్పు తర్వాత పడే మాయలోనూ నిలిచిపోయే నెత్తురులో ఆ విత్తనం ఉంటుంది. మామూలుగా దాన్ని పారేస్తారు. మనం పట్టి దాచుకోవాలి.

అత్త అంతా విని, "నిలిచిపోయేదేంది? నేను నిలవనిస్తేగదా" అంది.

నాకు అప్పుడే ఆమె పద్ధతి గుర్తొచ్చింది. బిడ్డ బయటపడగానే ఆమె బొడ్డు కోసేది కాదు. పేగును రెండు వేళ్ళ మధ్య పట్టి తల్లి వైపు నుంచి బిడ్డ వైపుకు పిండేది. "నీది నువ్వు తాగు నాయనా" అనుకుంటూ, పేగు తెల్లగా వట్టిపోయేదాకా పిండి, అప్పుడు కోసేది. నా ఇద్దరు కొడుకుల బొడ్డులూ పావగడలో నర్సు కోస్తుంటే, బిడ్డ నోటి దగ్గరి కూడు లాక్కున్నట్టుందని అత్త వారం రోజులు సణిగింది.

"అది బిడ్డ నెత్తురు. బిడ్డది తీసి ఇంకొకరికి పెడతారా?" అంది.

"చెత్తబుట్టలో ఏసేది పెడతారు. ఆసుపత్రిలో కోసి యాడేస్తారనుకున్నావు? బిడ్డకు తగలాల్సింది తగలనిచ్చినాకే, మిగిలింది పడతారంట. అడిగే వచ్చినా" అన్నాను.

"చెత్తలో ఎయ్యడమూ తప్పే."

ఈమెతో వాదించడం ఎవరి తరమూ కాదు. కానీ ధను ఆమె కాళ్ళ మీద తల పెట్టుకుని పడుకుని అంతా వింటూ ఉంది. అది పైకి చూసి, "అవ్వా, తమ్ముడు నాకు రవ్వంత ఇస్తే నీకేంది?" అంది. పుట్టేది తమ్ముడేనని దానికి ఎవరు చెప్పారో తెలీదు.

అత్త దాని నెత్తి నిమిరి, "నాకేం లేదు తల్లీ. ఇయ్యనీ" అంది.

ఆ తర్వాత ఆ సంగతి మీద ఆమె మరో మాట అనలేదు. ఆసుపత్రి వాళ్ళు నెత్తురు పట్టే సామాను ఒక తెల్లటి పెట్టెలో ఇచ్చారు. మందు వేసిన ప్లాస్టిక్ సంచి, దానికి గొట్టం, సూది, పేగుకు పెట్టే క్లిప్పులు. పేరూ ఊరూ రాసిన చీటీ పైన అంటించి ఉంది. ముందే నొప్పులొస్తే పావగడ ఆసుపత్రిలో పట్టించవచ్చన్నారు, అక్కడి నర్సమ్మకు ఫోనులోనే అంతా చెప్పారు. అత్త ఆ పెట్టెను దేవుడి గూట్లో పెట్టి, పూజ రోజు దానిక్కూడా ఒక కుంకుమ బొట్టు పెట్టేది. "అది దేవుడు కాదత్తా" అని నేను ఎగతాళి చేస్తే, "నాకెట్ల తెలుస్తాది" అనేది.

నెలలు నిండకముందే బెంగళూరులో మా పినమామ ఇంట్లో దిగాలని అనుకున్నాం. బట్టలు సర్దిపెట్టాం కూడా. అంతకంటే ముందే, ఒక మధ్యాహ్నం అన్నాలు తింటుండగా వినుత కంచం పక్కకు నెట్టి గోడ పట్టుకుంది.

సుదీప్‌కు ఒక వ్యాను ఉంది, సోలార్ పార్కు కూలీలను తిప్పుతాడు. వెనక సీట్లు తీసి పరుపు వేశాం. ధనును మా ఆయన దగ్గర వదిలి అత్తా నేనూ వినుతకు చెరో పక్కా ఎక్కాం. పెట్టె నా ఒళ్ళో ఉంది. ధను వ్యాను దాకా వచ్చి, కిటికీలోంచి ఆ పెట్టె మీద చెయ్యేసి చూసి, వెనక్కి పోయింది.

పార్కు మధ్యగా పోయే దారిలో ఇల్లు లేదు, మనిషి లేడు. రెండు వైపులా కంచె, కంచె వెనక పలకలు. నాలుగు గతుకులు దాటగానే వినుత నా చెయ్యి పట్టుకుని, "అక్కా, ఇంక కాదు" అంది. అత్త దుప్పటి ఎత్తి చూసి బండి ఆపమంది. సుదీప్‌ను దిగి అటు తిరిగి నిలబడమంది. నూట ఎనిమిదికి ఫోను చేస్తే బండి బయల్దేరిందన్నారు. పావగడ నర్సమ్మకు చేస్తే, "బిడ్డ పుట్టగానే పేగుకు క్లిప్పు పెట్టేయండి, ఇంకేమీ చేయొద్దండి, అట్లాగే తీసుకుని రండి, నేను పడతాను" అంది. నేను క్లిప్పు తీసి చేతిలో పట్టుకున్నాను. ఆ ఒక్క పని నాది, నేను చేస్తాను అనుకున్నాను.

ఎన్నో ఏళ్ళుగా ఎవరూ పిలవని మనిషి, అత్త, ఆ ఇరుకు వ్యానులో మోకాళ్ళ మీద కూర్చుని, నిన్ననే ఇంకో కాన్పు చేసొచ్చినట్టు పని చేసింది. వినుతతో మెల్లిగా మాట్లాడుతూనే ఉంది. బిడ్డ వచ్చాడు. మగబిడ్డ.

బిడ్డ ఏడవలేదు.

ఒళ్ళు నేరేడుపండు రంగులో ఉంది. చేతులూ కాళ్ళూ తడిబట్టలా వేలాడుతున్నాయి. అత్త నోట్లో వేలు పెట్టి జిగురు తీసింది. బోర్లా పట్టుకుని వీపు రుద్దింది. అరికాళ్ళ మీద కొట్టింది. ఏమీ లేదు. బొడ్డుపేగు మాత్రం లావుగా నిండుగా మెలితిరిగి కొట్టుకుంటూ ఉంది.

"ఏడుస్తాలేదేమక్కా?" అని వినుత అడిగింది. ఆమెకు బిడ్డ కనబడటం లేదు.

"అత్తా, క్లిప్పు పెడతాను" అన్నాను.

అత్త ఒకసారి తలెత్తి వినుత మొహం చూసింది. మళ్ళీ దించుకుంది. ఆమె వేళ్ళు పేగు మీద పడ్డాయి. "అత్తా, వద్దు" అని మణికట్టు పట్టుకున్నాను. ఆ మణికట్టు కదల్లేదు. "నీది నువ్వు తాగు నాయనా" అంటూ పిండింది. మళ్ళీ పిండింది. నా కళ్ళ ముందే పేగు సన్నబడి, తెల్లబడి, ఉతికి పిండిన చీరకొంగులా ముడతలు పడింది. ధను నెత్తురు అది. నాకు ఆ క్షణాన అలాగే అనిపించింది, ఇప్పటికీ అలాగే అనిపిస్తుంది.

బిడ్డ ఒకసారి ఎగబీల్చాడు. ఇంకోసారి. తర్వాత గొంతు చించుకుని ఏడ్చాడు.

బయట సుదీప్ ఆ ఏడుపు విని ఆగలేక తలుపు తీశాడు. మొహమంతా నవ్వు. "మగబిడ్డా వదినా?" అన్నాడు. నా మొహం చూశాక, నా చేతిలో వాడని క్లిప్పు చూశాక, ఆ నవ్వు ఎటు పోయిందో తెలీదు.

పావగడలో నర్సమ్మ మంచిది. అయినా ప్రయత్నం చేసింది. పేగులోకి సూది గుచ్చింది, మాయను ఎత్తి పట్టుకుంది, అటూ ఇటూ తిప్పింది. గొట్టంలో కాస్త ఎర్రదనం కనబడింది, సంచి దాకా రాలేదు. "ఇది చాలదమ్మా" అని సంచిని మళ్ళీ పెట్టెలో పెట్టేసింది.

అత్త గోడకానుకుని కూర్చుని, "మరిచిపోయినా" అంది. "చేతులు చేసేసినాయి. మరిచిపోయినా." బెంగళూరు డాక్టరమ్మ అడిగినా, మా ఆయన అడిగినా, పరామర్శకు వచ్చిన వాళ్ళు అడిగినా అదే మాట. ముసలిదాన్ని, పాత చేతులు, మరిచిపోయినా.

నేను ఊరుకునే రకం కాదు. అత్తను నానా మాటలూ అన్నాను. ఇన్ని నెలలు చెవినిల్లు కట్టుకుని చెప్పింది ఎవరికి అన్నాను. మగబిడ్డ కనబడేసరికి మనవరాలు చేదైపోయిందా అన్నాను. ఆ మాట ఊళ్ళో నాకంటే ముందే పుట్టింది. కొళాయి దగ్గర ఆడవాళ్ళు, "ముసలిది మొగపిల్లోన్ని దక్కించుకొనింది" అని చెప్పుకోవడం నేను విన్నాను. అత్త దానికీ ఎదురు చెప్పలేదు. ఊళ్ళో అందరి నోళ్ళూ మూయించిన మనిషి తల దించుకుని పోయేది.

బిడ్డ ఊపిరి తీసుకుంది ఆ నెత్తురుకేనా, వీపు రుద్దినందుకా అని నేను డాక్టరమ్మను అడిగాను. ఆమె, "అది ఎవరూ చెప్పలేరమ్మా" అంది. ఏదో ఒకటి చెప్పి ఉంటే బాగుండేది. అబద్ధమైనా నాకు పట్టుకోవడానికి ఒకటుండేది.

వినుత మాత్రం అత్తను ఒక్క మాట అనలేదు. అన్నం వడ్డించేది, మందులు అందించేది, పిలిస్తే పలికేది. కానీ బిడ్డకు నీళ్ళు పోయడానికి పక్క వీధి కరియమ్మను పిలిపించింది. ఊళ్ళో పుట్టిన ప్రతి బిడ్డకూ కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పోసిన తిప్పమ్మ, తన ఇంట్లో తన మనవడికి కరియమ్మ నీళ్ళు పోస్తుంటే వాకిట్లో కూర్చుని వినేది. దానికంటే నేను తిట్టిన తిట్లే నయం.

బిడ్డకు కార్తిక్ అని పేరు పెట్టారు. వాడి నెత్తురు ధనుకు కలుస్తుందో లేదో చూడాలని బెంగళూరుకు పంపారు. ఫలితం రావడానికి కొన్నాళ్ళు పడుతుందన్నారు. ఆ రోజుల్లో మా ఇంట్లో జరిగింది చెబితే ఎవరైనా మమ్మల్ని మనుషులు కాదంటారేమో. కలవకూడదని మేమంతా కోరుకున్నాం. కలవకపోతే ఆ పేగులోది ధనుకు ఎలాగూ పనికొచ్చేది కాదు. పోయింది ఏమీ లేదు. అత్త చేసింది మంచే. అందరం మళ్ళీ ఒకరి మొహం ఒకరు చూసుకోవచ్చు.

ఒక శనివారం అత్త పావగడ శనిమహాత్ముడి గుడికి పోదామంటే నేనూ పోయాను. ఆమె ప్రదక్షిణలు చేసి వచ్చి మెట్ల మీద కూర్చుంది.

"ఏం మొక్కుకున్నావు?" అన్నాను.

"కలవకూడదని" అంది. నా వైపు చూసి, "నువ్వేం మొక్కుకున్నావు?" అంది.

"అదే."

ఇద్దరం అక్కడే కూర్చుని బొరుగులు తిన్నాం. ఆమెను తిట్టడం మొదలుపెట్టాక మేమిద్దరం పక్కపక్కన కూర్చోవడం అదే మొదలు.

ఆ నెలలోనే బెంగళూరు ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. సుదీప్ వాకిట్లో నిలబడి కన్నడంలో అన్నిటికీ అవునంటూ "హౌదు సార్, హౌదు సార్" అంటున్నాడు. ఫోను పెట్టేసి లోపలికి వచ్చి గుమ్మం మీద కూర్చున్నాడు. "పూర్తిగా కలిసిందంట" అన్నాడు. నాలుగింట ఒక వంతే ఆశ అన్నప్పుడు కలిసిందంటే ఏ ఇంట్లోనైనా బెల్లం పంచుతారు. మా ఇంట్లో ఆ పూట పొయ్యి వెలగలేదు. అత్త లేచి మేకల దొడ్లోకి పోయింది. చీకటి పడేదాకా రాలేదు.

ఇంక మిగిలింది ఒక్కటే దారి. కార్తిక్ కాస్త పెద్దవాడై, బరువు పెరిగి, తట్టుకోగలిగితే వాడి ఎముకలోంచి ఆ విత్తనం తీయవచ్చు. అంతదాకా ధను నిలవాలి. డాక్టరమ్మ నిలవదని అనలేదు, నిలుస్తుందనీ అనలేదు. మందులు ఇస్తూ చూద్దామంది.

ఆ తర్వాతి నెలలన్నీ ఆ పిల్లోడిని లావు చేయడమే మా ఇంటి పని. రాగులు మొలకెత్తించి ఆరబెట్టి దంచి అత్త పిండి చేసేది, నేను తీసుకుపోయి వినుతకిచ్చేదాన్ని. ధను వాడి పక్కన కూర్చుని చెంచాతో పెట్టేది. వాడు ఉమ్మేస్తే కోప్పడేది. "తొందరగా లావు కారా, నాకు పనుండాది" అనేది. ఆ మాట అది నవ్వుతూనే అనేది. మేమూ నవ్వేవాళ్ళం, నవ్వి వంటింట్లోకి పోయేవాళ్ళం. ప్రతి గురువారం అంగన్‌వాడీలో వాడిని తూకం ఉయ్యాలలో వేస్తే ధను ముల్లు దగ్గర నిలబడి చూసేది. వాడు బాగానే పెరిగాడు. తప్పు వాడిది కాదు.

వానలు మొదలైనప్పుడు ధనుకు జ్వరం తగులుకుంది. కాళ్ళ మీద నల్లటి మచ్చలు వచ్చాయి. మాకు ఆ మచ్చలు తెలుసు, డాక్టరు చెప్పనక్కర్లేదు. బెంగళూరుకు తీసుకుపోయాం. తండ్రిది సగం కలిసేదైనా వేద్దామనుకున్నారు. దానికైనా ముందు జబ్బు అణగాలి. అది అణగలేదు. కార్తిక్ అప్పుడప్పుడే పాకుతున్నాడు. ధను ఆసుపత్రి మంచం మీద ఉండి, పావగడలో వాన పడిందా అని అడిగేది. పడిందని చెప్పేవాళ్ళం. అది పోయింది.

ఊరికి తెచ్చుకున్నాం. మా పెద్దల సమాధులన్నీ చేనులో ఉన్నాయి, చేను కంచె లోపల ఉంది. ధనును ఊరి బయట గుట్ట వాలులో పాతిపెట్టాం. నాకు చాలా కోపం వచ్చింది ఆ రోజు. ఎవరి మీదో తెలీలేదు. అంత కోపం పెట్టుకోవడానికి ఒక మనిషి కావాలి, నాకు ఉన్నది అత్త ఒక్కతే. ఆమె మీదే పెట్టుకున్నాను.

వానాకాలం పోయింది. ఒక పొద్దున కరియమ్మ ఒంట్లో బాగాలేదని రాలేదు. నేను పనికి పోవడానికి సద్ది కట్టుకుంటున్నాను. అత్త వాకిట్లో చింతపండు గింజలు తీస్తూ కూర్చుంది. వినుత కొడుకును చంకనేసుకుని వచ్చి ఆమె ఎదురుగా నిలబడింది. కూర్చోలేదు.

"అత్తా, నీ మీద నాకు కోపమని ఊరంతా అనుకుంటాండారు. అక్క కూడా అట్లనే అనుకుంటాంది" అంది.

నేను చెయ్యి ఆపాను. అత్త తల ఎత్తలేదు.

"కోపం కాదత్తా. నువ్వు వీన్ని కాళ్ళ మీద ఏసుకుంటే నాకు ఆ వ్యాను గుర్తుకొస్తాది. ఆ పొద్దు నువ్వు నన్ను అడిగింటే నేను ఏం చెప్పేదాన్నో నాకు బాగా తెలుసు. క్లిప్పు పెట్టండి అని చెప్పేదాన్ని. వీడు ఏమన్నా కానీ, ధనుకు పట్టండి అని చెప్పేదాన్ని. వీని తల్లిని నేను. అట్ల చెప్పేదాన్ని." వాడు ఆమె మెడలోని నల్లపూసలు నోట్లో పెట్టుకుని చప్పరిస్తున్నాడు. "వీడు నన్ను చూసి నవ్వుతాడు అత్తా. నేనేం చెప్పేదాన్నో వీనికి తెలీదు."

అత్త చింతపండు చాటను పక్కన పెట్టింది. వేళ్ళకంటిన గుజ్జు కొంగుకు తుడుచుకుంది.

"నాకు తెలుసు" అంది. "అందుకే నిన్ను అడగలేదు."

సద్ది మూట కింద పెట్టాను. "మరిచిపోయినానంటివి కదత్తా" అన్నాను.

"యాడ మరుస్తాను? ఆ పెట్టెను దినమూ తుడిచిందాన్ని. బిడ్డ బయటపడినప్పుడు నా కండ్లకు ధనునే కనపడింది. కానీ ఊపిరి లేకుండా నా చేతిలో ఉండేది వీడు. ఈమె మొగం చూసినా. అడగాలనే చూసినా." ఆమె వినుత వైపు చూడకుండా చెబుతోంది. "అడిగితే చెప్పేస్తుంది. చెప్పినాక, వీడు బతికినా చచ్చినా ఆ మాట ఈమెతోనే ఉంటాది. నేను ముసలిదాన్ని, మరిచిపోయినానంటే నమ్ముతారు. నేను మోసుకొని పోతాననుకున్నా."

ఏడాది పొడుగునా నేను ఆమెను అన్న మాటలు నాకు ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. మగబిడ్డ కనబడేసరికి అన్న మాట కూడా. ఆమె వాటికి ఎందుకు బదులు చెప్పలేదో ఇప్పుడు తెలిసింది.

"ఎవరికీ చెప్పలేదా నువ్వు?" అని వినుత అడిగింది.

"ధనుకు చెప్పినా. దానికొక్కదానికి చెప్పాల్సి ఉండె. దానిది కదా పోయింది."

వినుత కొడుకును ఒళ్ళో వేసుకుని అక్కడే నేల మీద కూర్చుంది. "ఏమనింది?"

"మొగం అటు తిప్పుకొనింది. రెండు దినాలు నాతో మాట్లాడలేదు. నేను పక్కన పండుకుంటే లేచి ఈ పెద్దమ్మ దగ్గరికి పోయింది. కోపం రాదా మరి." అత్త చాటలోంచి ఒక గింజ తీసి పక్కన పడేసింది. "ఆ తర్వాత పొద్దున్నే వచ్చి, ఉగ్గాని చేసిపెట్టవ్వా అనింది."

కార్తిక్ తల్లి ఒళ్ళోంచి జారి, పాకుతూ పోయి అత్త మోకాలు పట్టుకుని నిలబడ్డాడు. ఎవరూ వాడిని వెనక్కి లాగలేదు.

"చేసిపెట్టినావా?" అని వినుత అడిగింది.

"చేసినా. మిరపకాయలు ఏరి పెట్టినా."

"తినిందా?"

"తినింది. ఇంకొంచెం పెట్టమనింది."